మ్యాపులో మన పొలం రంగు

(పట్టణ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌పై జరిగిన రైతుల సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకొని మొదలుపెడతాం. మన పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా తయారైందని పత్రికలో ప్రకటన పడిన రోజు ఆ పత్రిక మన సంఘం ఆఫీసు బల్ల మీదే ఉంది. మార్కెట్ ధరలు చదివాం. వాన కబురు చదివాం. లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్న ఆ ప్రకటన మాలో ఒక్కరి కంటా పడలేదు. మూడు వారాలు గడిచాక, పొలం అమ్ముతారా అని అడగడానికి వచ్చిన ఒక బ్రోకరు నోట ఆ మాట విన్నాం. రైతు సంఘం కంటే ముందు బ్రోకరుకు తెలిసింది. ఈ సంగతి దాచిపెట్టి మీ ముందు పెద్ద మాటలు మాట్లాడటం మాకు ఇష్టం లేదు.

మరునాడు పదకొండు మందిమి మున్సిపల్ ఆఫీసుకు పోయాం. మ్యాపు మేడ మీద, మెట్ల పక్క గోడకు అంటించి ఉంది. సర్వే నంబర్లు చీమ తలకాయంత ఉన్నాయి. సెల్‌ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేస్తే అంకెలు అలుక్కుపోయాయి. చివరికి చెరువును గుర్తుపట్టి, అలుగు దగ్గర నుంచి వాగు ఎటు పోతుందో వేలితో పోల్చుకుంటూ పోతే మన పొలాలు దొరికాయి. ఊదా రంగు పూసి ఉంది. ఊదా అంటే ఏమిటని అడిగితే, అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పాడు, పరిశ్రమల జోన్ అని. మాతో వచ్చిన పెద్దాయన ఒకరు చాలాసేపు ఆ కాగితం వంక చూసి, 'మరి నా బావి ఏది సారూ?' అన్నారు. మ్యాపులో బావి లేదు. బోర్లు లేవు, కాలువలు లేవు, వరి లేదు, మక్క లేదు. ఖాళీ జాగా ఉన్నట్టు రంగు ఉంది.

అప్పటి నుంచి ఊర్లో ఒకటే మాట వినిపిస్తోంది, భూములు గుంజుకుంటున్నారని. ఆ మాట సరిగా అర్థం చేసుకోకపోతే మనం తప్పు చోట కొట్లాడతాం. అందుకే కొంచెం నిదానంగా చెబుతాం, ఓపిక పట్టండి.

భూసేకరణ వేరు, జోన్ మార్చడం వేరు. ప్రభుత్వం భూమి తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం ఉంది. నోటిఫికేషన్ ఇవ్వాలి, అభ్యంతరాలు వినాలి, పరిహారం కట్టాలి, పరిహారం మీద నూరు శాతం సొలేషియం ఇవ్వాలి. ప్రైవేటు కంపెనీ కోసం అయితే భూమి పోయే కుటుంబాల్లో 80 శాతం మంది ఒప్పుకోవాలి. ఆ చట్టానికి ఎన్ని తూట్లు పొడిచారో మనకు తెలుసు, అయినా అందులో పట్టుకోవడానికి ఒక కొమ్మ ఉంది. జోన్ మార్పులో ఆ కొమ్మ లేదు. పట్టా మీ పేరునే ఉంటుంది. పాసుపుస్తకం మీ పెట్టెలోనే ఉంటుంది. ఎవరూ వచ్చి హద్దురాళ్లు పీకరు. అందుకని పరిహారం అన్న మాటే పుట్టదు, మీ ఇంటికి నోటీసూ రాదు. ఒక పత్రికా ప్రకటన, గోడ మీద ఒక మ్యాపు, ఒక గడువు, అంతే.

'దున్నుకుంటే ఎవరొద్దన్నారు?' అని అధికారులు అంటారు. నిజమే, రేపు నాగలి ఆపరు. కానీ కొడుకు వేరుపడి ఆ చెలకలో ఇల్లు కట్టుకుంటానంటే అది పరిశ్రమల జోన్ కాబట్టి అనుమతి రాదు. బిడ్డ పెళ్లికి పది గుంటలు అమ్ముదామంటే, కొనేవాడు ముందు జోన్ అడిగి తర్వాతే ధర మాట్లాడతాడు. ప్లానులో వంద అడుగుల రోడ్డు గీత మీ పొలం నడుమ నుంచి పోయిందనుకోండి, ఆ రోడ్డు ఎప్పుడు వేస్తారో ఎవరికీ తెలియదు, అయినా ఆ గీత కింద ఉన్న జాగా ఆనాటి నుంచే సచ్చుపడిపోతుంది. భూమి పోదు. భూమితో మనం చేయగల పనులు ఒక్కొక్కటే పోతాయి.

కామారెడ్డిలో జరిగింది ఇదే. అక్కడ 2022 నవంబరులో ముసాయిదా వచ్చింది. అభ్యంతరాలకు 60 రోజులు ఇచ్చారు, చివరి తేదీ 2023 జనవరి 11. అడ్లూర్ ఎల్లారెడ్డి, టేక్రియాల్, లింగాపూర్ వంటి ఊళ్ల పంటభూములు వెయ్యి ఎకరాలకు పైగా పరిశ్రమల జోన్‌లో చూపించారు. రైతులు ధర్నాలు చేశారు. ఇది ముసాయిదా మాత్రమేనని, భూములు ఎక్కడికీ పోవని అధికారులు చెప్పారు. ఆ మాట సాంకేతికంగా అబద్ధం కాదు. కానీ రెండెకరాలే ఆధారమైన మనిషికి ఆ సాంకేతికం ధైర్యం ఇవ్వలేదు. జనవరి 4న అడ్లూర్ ఎల్లారెడ్డి రైతు ఒకరు ప్రాణం తీసుకున్నారు. మరునాడు రైతు కుటుంబాలు కలెక్టరేట్ ముందు కూర్చున్నాయి. ఆడవాళ్లు, పిల్లలు, పక్కన బారికేడ్లు. ఆ తర్వాత బంద్, హైకోర్టులో కేసు. కొందరు కౌన్సిలర్లు రాజీనామాలు చేశారు. జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ అత్యవసరంగా కూర్చుని ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. అదే ఏడాది నవంబరు ఎన్నికల్లో కామారెడ్డిలో పోటీ చేసిన అప్పటి ముఖ్యమంత్రీ, తర్వాత ముఖ్యమంత్రి అయిన నాయకుడూ ఇద్దరూ ఓడిపోయారు. దానికి మాస్టర్ ప్లానొక్కటే కారణమని మేము అనం. మాస్టర్ ప్లాన్ ఉద్యమంలో ముందు నిలబడిన అభ్యర్థి గెలిచారన్న సంగతి మాత్రం మరిచిపోవద్దు.

మన వాళ్లు చాలామంది కామారెడ్డి కథను ధర్నా కథగానే చెప్పుకుంటారు. మేము ఇంకో సంగతి చూపిస్తాం. అక్కడి రైతులు రోడ్డెక్కడంతో పాటు గడువు లోపల కాగితాలు కూడా ఇచ్చారు, కోర్టుకూ పోయారు. ధర్నా వార్తల్లోకి ఎక్కింది, కాగితం ఫైలులోకి ఎక్కింది. మనకు రెండూ కావాలి.

అదే నెలలో జగిత్యాలలోనూ పల్లెలు లేచాయి. అక్కడి గొడవ రిక్రియేషన్ జోన్ మీద. అంటే పార్కులు, ఆట స్థలాల లాంటివి. ఇటువంటి జోన్లను మ్యాపులో మామూలుగా ఆకుపచ్చ రంగులో చూపిస్తారు. మనవాడు పోయి చూసి, 'పచ్చగానే ఉంది, పంట భూమిగానే ఉంచారు' అని సంతోషంగా ఇంటికొస్తాడు. ఆకుపచ్చలో రెండు మూడు రకాలు ఉంటాయి. మ్యాపు మూలన రంగుల పట్టిక ఉంటుంది, ముందు అది చదవండి. చదువు రాకపోతే స్కూలుకు పోయే మనుమరాలిని వెంట తీసుకుపోండి. జగిత్యాల కౌన్సిల్ కూడా ముసాయిదాను వెనక్కి తీసుకుంది.

ఇక మన చుట్టుపక్కల ఊళ్ల విషయం. పంచాయతీని మున్సిపాలిటీలో కలిపిన రోజున మనం ఏం పోగొట్టుకున్నామో అప్పుడు లెక్క కట్టలేదు. ఉపాధి హామీ పని పోయింది, అది వెంటనే తెలిసింది. గ్రామసభ కూడా పోయింది. దాని విలువ ఇప్పుడు తెలుస్తోంది. పంచాయతీ ఉన్నప్పుడు మర్రిచెట్టు కింద నిలబెట్టి సర్పంచును అడిగేవాళ్లం. ఇప్పుడు మన ఊరికి ఒక వార్డు, ఒక కౌన్సిలరు. కౌన్సిల్ హాలులో మిగిలిన వార్డులన్నీ పట్టణంవి. వాళ్లకు మన ఊరు పట్టణం పెరగడానికి మిగిలిన జాగా. వాళ్లను తప్పు పట్టడం లేదు. వాళ్ల ఓటర్లకు ఇళ్లు కావాలి, పిల్లలకు కొలువులు కావాలి. మనకు ఇష్టం లేని మాట ఇంకొకటి, పరిశ్రమలు వద్దని మన సంఘం ఎన్నడూ తీర్మానం చేయలేదు. గుట్ట కింద రాళ్ల భూమి ఉండగా, చెరువు కింద రెండు పంటలు పండే ఆయకట్టుకే ఊదా రంగు ఎందుకు పూశారన్నదే మన ప్రశ్న. దానికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇప్పుడు సభలో అందరికీ నచ్చని సంగతి. మనలో అందరి లాభం ఒకటి కాదు. మెయిన్ రోడ్డు మీద పొలం ఉన్నవాళ్లు కొందరికి కమర్షియల్ జోన్ వచ్చింది. వాళ్లు లోలోపల సంతోషంగానే ఉన్నారు. మేము వాళ్లను ద్రోహులు అనం. వ్యవసాయ జోన్ అంటేనే రైతులు భయపడ్డ చోట్లూ ఉన్నాయి. అమరావతి చుట్టూ సీఆర్‌డీఏ ముసాయిదాలో వ్యవసాయ పరిరక్షణ జోన్లు పెట్టినప్పుడు 2016లో కృష్ణా, గుంటూరు రైతులే వద్దన్నారు, మా భూముల ధర చచ్చిపోతుందని. హైదరాబాద్ జంట జలాశయాల చుట్టూ 84 ఊళ్లకు 1996లో 111 జీవో పెట్టారు. దాన్ని ఎత్తేయాలని అక్కడి రైతులు ఏళ్ల తరబడి అడిగారు. పంట గిట్టుబాటు కానప్పుడు రైతుకు మిగిలిన ఒకే ఆస్తి భూమి ధర. ఆ ధరను కూడా జోన్ పేరుతో కట్టేస్తే మండదా మరి?

అందుకే సంఘం రెండు రోజులు కూర్చుని ఒక మాటకు వచ్చింది. ఏ రంగు కావాలన్నది ఏ సర్వే నంబరు రైతుకు ఆ రైతే చెప్పుకోవాలి. ఆయకట్టు భూమిని పరిశ్రమల జోన్ నుంచి తీసేయాలన్నది మాత్రం అందరి డిమాండ్. దీని మీద మా కార్యవర్గంలోనే ఇద్దరు ఒప్పుకోలేదు. వాళ్ల అభిప్రాయం మినిట్స్‌లో రాశాం.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న పేచీ కాదు. మన ఊళ్ల పిల్లలు చాలామంది కంప్యూటర్ ఉద్యోగాలు చేసే ఉత్తర వర్జీనియాలో, ప్రిన్స్ విలియం అనే కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, ఎన్నికైన బోర్డు నడుపుతుంది. అక్కడ దాదాపు 2,100 ఎకరాల పల్లె భూమిని డేటా సెంటర్ల కోసం జోన్ మార్చాలని వచ్చింది. అడిగినవాళ్లలో ఆ భూముల సొంతదారులూ ఉన్నారు, మంచి ధర వస్తోంది కాబట్టి. వద్దన్నవాళ్లు పక్కన ఇళ్లున్నవాళ్లు, అక్కడున్న పాత యుద్ధభూమిని కాపాడాలనేవాళ్లు. చూశారా, అక్కడా ఊరు రెండుగా చీలింది. 2023 డిసెంబరులో బోర్డు బహిరంగ విచారణ పెడితే అది 27 గంటల దాకా సాగింది. పేరు రాయించుకున్నవాళ్లు మైకు ముందుకొచ్చి మాట్లాడారు. చివరికి నాలుగు ఓట్లకు మూడు ఓట్లతో జోన్ మార్చేశారు. ఆ బోర్డు పదవీకాలం అయిపోవడానికి అప్పటికి కొద్ది వారాలే మిగిలింది. ఇక అయిపోయింది అనుకున్నారు. కానీ పక్క కాలనీ నివాసులు కోర్టుకు పోయారు. 2025 ఆగస్టులో న్యాయమూర్తి ఆ నిర్ణయం చెల్లదన్నారు. ఎందుకో తెలుసా? విచారణకు ముందు పత్రికా ప్రకటన చట్టం చెప్పిన పద్ధతిలో ఇవ్వలేదని. ఆ వ్యవహారం తర్వాత పై కోర్టుకు పోయింది. అయినా వేల కోట్ల డాలర్ల పనిని ఒక ప్రకటనలోని తప్పు నిలబెట్టింది. మనం మాత్రం అటువంటి ప్రకటనను బల్ల మీద పెట్టుకుని దాని మీద మిర్చి బజ్జీలు తిన్నాం. నవ్వకండి, నిజంగానే తిన్నాం.

ఆ ప్రకటన కాపీ ఇప్పుడు సంపాదించాం. ఏ తేదీన పడింది, ఏ ఏ పత్రికల్లో పడింది, మ్యాపు ఎప్పటి నుంచి గోడ మీద ఉంది, ఎన్ని రోజుల గడువు, అన్నీ రాసి పెట్టుకుంటున్నాం. మ్యాపు అతికించిన చోటు ఫొటో తీశాం. సర్వే నంబర్లు కనబడే పెద్ద మ్యాపు ఇవ్వాలని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. దానికి జవాబు ఇవ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది. మన అభ్యంతరాల గడువు అంతకంటే ముందే ముగుస్తుంది. కాబట్టి దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

అభ్యంతరం ఎలా రాయాలి? ఒకే కాగితం కింద రెండు వందల సంతకాలు పెట్టి ఇస్తే దాన్ని ఒకే అభ్యంతరంగా లెక్క కట్టేయవచ్చు. ఎవరి పొలానికి వాళ్లు రాయాలి. 'మా పొట్ట కొట్టొద్దు' అన్న ఒక్క మాట చాలదు. సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు ఎన్ని గుంటలు, ఏ చెరువు కింద ఆయకట్టు, ఎన్ని బోర్లు, కరెంటు మోటారు సర్వీసు నంబరు, ఏ కారు ఏ పంట వేస్తున్నారు, ఇవి రాయండి. మ్యాపులో లేని మీ బావిని ఆ కాగితంలో రాయండి. కౌలు రైతులకు పాసుపుస్తకం లేదు కదా అని వెనక్కి జంకొద్దు. అభ్యంతరం చెప్పడానికి పట్టా అక్కర లేదు. పట్టాదారు హైదరాబాదులో ఉండి ఆ రంగును ఇష్టపడవచ్చు, ఆ మడిలో నాట్లు వేసేది మాత్రం మీరు. పొలం మొగుడి పేరున ఉన్న అక్కలు కూడా తమ పేరుతో వేరే కాగితం ఇవ్వవచ్చు.

రెండు కాపీలు తీసుకుపోండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకుని తెచ్చుకోండి. 'రేపు రండి' అంటే రావద్దు, అక్కడే కూర్చోండి, మాకు ఫోన్ చేయండి. సోమవారం ఉదయం పది గంటలకు మున్సిపల్ ఆఫీసు గేటు దగ్గర మేము ఉంటాం.

నమూనా దరఖాస్తులు వేదిక కింద బల్ల మీద ఉన్నాయి. మన డిగ్రీ కాలేజీ పిల్లలు నలుగురు రాసిపెట్టడానికి కూర్చున్నారు. పాసుపుస్తకం జిరాక్సు తెచ్చినవాళ్లు ముందు రండి. తేనివాళ్లు సర్వే నంబరు నోటితో చెప్పినా చాలు.