చేపల తొట్టిలో పాచి
(మా సంఘ వారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



చెన్నపట్టణమున కొళత్తూరు అంగళ్లలో రంగురంగుల చేపలను, నీటిమొక్కలను కొనితెచ్చి ఇంట గాజుతొట్టి అమర్చుకొను ముచ్చట మనలో పలువురికి కలదు. నెల తిరుగకమునుపే గాజుపై పచ్చని పాచి పట్టును. ఆకులకు నల్లని పోగులు వ్రేలాడును. వెంటనే మందు కొరకు అంగడికి పరుగిడుదుము.

మేమును ఒకప్పుడు అట్లే చేసితిమి. రాగి కలిసిన పాచిమందును కొలత తప్పి పోసితిమి. పాచి నశించినది, నత్తలును, చిన్నరొయ్యలును నశించినవి. చచ్చిన పాచి కుళ్లుచు నీటిలోని ప్రాణవాయువును హరించుటచే చేపలు పైకివచ్చి నోళ్లు తెరచినవి. మరునాటికి మూడే మిగిలినవి. ఆ చేపలకు పేర్లు పెట్టుకొన్న పిల్లలకు మేమేమియు చెప్పలేకపోయితిమి.

పిమ్మట తెలిసికొన్నది ఇది: మొక్కలు వాడుకొనలేక మిగిల్చిన వెలుతురును, ఎరువును పాచికి బలము.

కావున తొట్టిపై ఎండ నేరుగా పడనీయరాదు. దీపము దినమునకు 6 మొదలు 8 గంటలు చాలును; ప్రతిదినము ఒకే వేళకు వెలిగించి ఆర్పవలెను. చేపలు 2 నిమిషములలో తినగలిగినంత మేతయే వేయవలెను. మిగిలినది కుళ్లి పాచికి ఎరువగును. వారమునకొకమారు నాలుగవ వంతు నీటిని మార్చవలెను. కుళాయి నీటిలోని క్లోరినును పోగొట్టు ద్రావకము కలిపిన పిమ్మటనే ఆ నీటిని పోయవలెను. వడపోత స్పంజిని తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. మేలుచేయు సూక్ష్మజీవులు అందు నివసించును.

మొక్కలను మొదటినుండియే దట్టముగా నాటవలెను. మన చెరువులలో పెరుగు హైడ్రిల్లా, వాలిస్నేరియా వంటివి త్వరగా ఎదిగి ఎరువును లాగుకొనును.

పాచి రకములను గుర్తించుటయు అవసరము. క్రొత్త తొట్టిలోని గోధుమరంగు పొర డయాటములది. అది కొన్ని వారములలో తనంతట తగ్గును. నల్లని పోగులు పట్టిన ఆకులను కత్తిరించి పారవేయవలెను. నీరే పచ్చబడినచో 3, 4 దినములు దీపమార్పి తొట్టిపై దుప్పటి కప్పవలెను. గాలిపంపును మాత్రము ఆపరాదు. దుర్వాసనతో పొరలుగా లేచు నీలిపచ్చని జిగురు సయనోబాక్టీరియా అను సూక్ష్మజీవులది. దానిని గొట్టముతో పీల్చివేయవలెను.

మా తొట్టి తేరుకొనుటకు రెండు నెలలు పట్టినది. ఇప్పుడు ప్రతి ఆదివారము నీరు మార్చు పని పిల్లలదే. మందుసీసా మరల మా ఇంటికి రాలేదు. మీరును మందుకంటె ముందు వెలుతురును, మేతను తగ్గించి చూడుడని మా మనవి.