గ్యాస్ మాత్రలు: మేలెంత, కీడెంత?
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలకు, నాపరాళ్ల పనికి పోయేవాళ్లు చాలామంది. నడుము పట్టేస్తే నొప్పి మాత్ర, ఆ మాత్రకు కడుపు మండితే గ్యాస్ మాత్ర. ఉప్పు, చింతపండు మాదిరి ఈ రెండూ ఇంటి సరుకులైపోయినాయి. అందుకే ఈ విషయం ఎత్తుకున్నాను.

కడుపులో ఊరే ఆమ్లం మనకు శత్రువు కాదు. అన్నం అరగడానికి, తిండితో లోపలికి పోయిన క్రిములు చావడానికి అది కావాలి. అది గొంతులోకి ఎగదన్నినా, లోపల పుండు పడినా మందు అవసరమే. పూర్వం పుండు ముదిరితే ఆపరేషనే గతి. 1976లో సిమెటిడిన్, 1988లో ఒమెప్రజోల్ వచ్చిన తర్వాత ఆ బాధ చాలా తగ్గింది. ఎక్కువ పుండ్లకు మూలం నొప్పి మాత్రలు, లేదా హెలికోబాక్టర్ అనే సూక్ష్మక్రిమి. ఆ క్రిమిని కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. క్రిమి ఉన్నవాళ్లకు గ్యాస్ మాత్ర ఒక్కటే చాలదు. యాంటీబయాటిక్ మందులు కూడా కలిపి, డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాలి.

ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ వంటివి తిన్నాక కాదు, తిండికి అరగంట ముందు వేసుకోవాలి. రంజాన్‌లో సహరీ, ఇఫ్తార్ వేళలను బట్టి ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును ముందే అడగండి. సామాన్యంగా 4 నుంచి 8 వారాలు చాలు. ఏళ్ల తరబడి మింగితే ఒంట్లో బి12, మెగ్నీషియం తగ్గవచ్చు. ఎముకలు విరిగే ప్రమాదం, పేగుల్లో ఇన్‌ఫెక్షన్ కొంత పెరగవచ్చు. అరుదుగా మూత్రపిండాలు దెబ్బతింటాయి. గుండెజబ్బుకు క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు ఒమెప్రజోల్‌ను సొంతంగా వేసుకోరాదు. బీపీ ఉన్నవాళ్లు నీళ్లలో కలిపి తాగే సోడా పొడులకు దూరంగా ఉండాలి, వాటిలో ఉప్పు గుణం ఎక్కువ.

అట్లని భయపడి ఉన్నట్టుండి మానెయ్యవద్దు. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే మంట కొన్నాళ్లు మరీ ఎక్కువ కావచ్చు. ఆస్పిరిన్, కీళ్లనొప్పి మందులు వాడేవాళ్లకు కడుపు కాపాడటానికే కొందరు డాక్టర్లు ఇవి రాస్తారు.

చివరగా ఒక్క మాట గట్టిగా చెబుతాను. మలం నల్లగా తారు మాదిరి పోయినా, రక్తం కక్కినా, ముద్ద దిగకపోయినా, మనిషి చిక్కిపోతున్నా మాత్రతో కాలం గడపవద్దు. రొమ్ములో నొప్పి చేతికో దవడకో పాకి చెమటలు పడితే, గ్యాస్ అనుకొని సోడా తాగి పడుకోవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి. అది గుండెపోటు కావచ్చు.