తల్లి తిండి, బిడ్డ పాలు
(షోలాపూరు మహిళా కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కండెలు చుట్టే చెల్లె ఒకామె మొన్న నన్నడిగింది: "నా పాలు పలచగున్నయట, బలం లేదట. డబ్బా పాలు పట్టుమని మా అత్త అంటున్నది. నెయ్యి ఎక్కువ తింటే చిక్కబడతయా అక్కా?" ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు గనుక నలుగురిలోనే జవాబు చెబుతున్నాను.

చిక్కబడవు. 100 మిల్లీలీటర్ల తల్లిపాలలో సుమారు 3 నుంచి 4 గ్రాముల కొవ్వు ఉంటుంది. బిడ్డకు అందే శక్తిలో దాదాపు సగం దానిదే. జొన్నరొట్టె, కారం తినే తల్లికైనా, రోజూ నెయ్యి తినే తల్లికైనా ఈ లెక్కలో పెద్ద తేడా రాదు. తిండి చాలకపోతే తల్లి ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగి పాలలో చేరుతుంది. కూలిలో కోతపడ్డ డబ్బు ఆమె ఒంట్లోంచి పోతున్నదన్నమాట! పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధనా మండలి 2020 సిఫారసు.

తిండితో మారేది కొవ్వు రకం. చేప తిన్న తల్లి పాలలో డి.హెచ్.ఎ. అనే కొవ్వు పెరుగుతుంది. బిడ్డ మెదడుకు, కంటికి అది అవసరం. తిన్న కొన్ని గంటలకే పాలలో కనబడుతుంది. మన ఇళ్ళలో బాలింతకు చేప పెట్టనివారు ఎందరో! వెల్లుల్లి కారం, నెయ్యన్నం పెట్టడం తప్పనను. అదొక్కటే పెట్టి పప్పు, ఆకుకూర, చేప ఆపడమే తప్పు. చేప తిననివారికి అవిసె గింజల పొడి మంచిదే గాని, ఉన్నమాట చెప్పాలి, అది డి.హెచ్.ఎ.ను పెద్దగా పెంచదు. వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వు కూడా అలాగే పాలలోకి దిగుతుంది. 2022 నుంచి దాన్ని 2 శాతానికి కట్టడి చేశారు.

మరి ఆ చెల్లె పాలు పలచనెందుకు? రొమ్ము నిండుగా ఉన్నప్పుడు మొదట వచ్చే పాలలో కొవ్వు తక్కువ. ఖాళీ అవుతున్న కొద్దీ పెరుగుతుంది. షిఫ్టంతా సాంచెల మధ్య నిలబడి, ఇంటికొచ్చి గిన్నెలో పిండి చూస్తే పలచగానే ఉంటాయి. ఆ గిన్నె చూసి తీర్పు చెప్పవద్దని అత్తలకు నా మనవి. బిడ్డ తనంతట తాను వదిలేదాకా తాగనివ్వాలి.

అందుకు టైము కావాలి కదా! బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు పాలిచ్చే విరామాలు 1961 ప్రసూతి చట్టంలోనే ఉన్నాయి. 2020 సాంఘిక భద్రతా కోడ్‌లోనూ ఉన్నాయి. 50 మంది పనిచేసేచోట శిశుగృహం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళవచ్చు. మన షెడ్డులో ఇరవై మందే అంటారు యజమానులు. నాలుగైదు షెడ్లు కలిసి ఒకటి పెట్టుకోవచ్చని అదే కోడ్ చెబుతోంది. ఈసారి డిమాండ్ల పత్రంలో ఇది రాయాలి. పాలిచ్చే తల్లులు సభ కాగానే మీ పేరు, షెడ్డు నంబరు రాయించి వెళ్ళండి.