కచ్చీ నిద్ర, రాత్రి చప్పుళ్ళు, పొరుగువాడి హక్కు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుల మీద, ఉద్యోగాల మీద, కట్నాల మీద మాట్లాడడానికి మాకంటే సమర్థులు ఈ సభలో ఉన్నారు. మేము చిన్న విషయం ఒకటి ఎత్తుకున్నాము. అది నిద్ర. చిన్నది అంటున్నామే గాని, అది కరువైనవాడికి దాన్ని మించిన పెద్ద విషయం మరొకటి లేదు.

తెలుగువారు కోడికునుకు అంటారు, మన ఇళ్ళల్లో కచ్చీ నీంద్ అంటారు. గడియ కదిలినా, వీధి చివర లారీ హారన్ కొట్టినా లేచి కూర్చునే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మేమూ ఆ కోవలోవాళ్ళమే. విద్యార్థికి శ్వాననిద్ర ఉండాలని వెనకటి పెద్దలు అన్నారు. విద్యార్థి సంగతేమో గాని, పొద్దున్నే బడికి పోయి గొంతు చించుకోవలసిన ఉర్దూ మీడియం అయ్యవారికి మాత్రం అది బొత్తిగా పనికిరాదు.

ఇంట్లోవాళ్ళు ఏమంటారు? "మాకు వినపడని చప్పుడు మీకెలా వినపడుతుందండీ, మనసులో ఏదో పెట్టుకున్నారు" అంటారు. ఇది న్యాయం కాదు. కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. నిద్రలో కూడా చెవి పని చేస్తూనే ఉంటుంది. ఉరుముకు లేవని తల్లి, పసిబిడ్డ మూలిగితే లేస్తుంది. వచ్చిన శబ్దాన్ని లోపలికి పోనివ్వాలా వద్దా అని చూసే కాపలా మెదడులో థలామస్ అనే చోట ఉంటుంది. నిద్రలో మెదడు నుంచి కదురు ఆకారంలో కొన్ని అలలు పుడతాయి. ఆ అలలు ఎక్కువగా ఉన్నవారు చప్పుళ్ళలో కూడా నిద్రపోగలుగుతారనీ, తక్కువగా ఉన్నవారు లేచిపోతారనీ 2010లో అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు తెలియజేశారు. పైగా నడివయసు వచ్చేసరికి గాఢనిద్ర పాలు తగ్గుతుంది. కాబట్టి కచ్చీ నిద్ర మనిషి బలహీనత కాదు, చాదస్తమూ కాదు. కొందరి తయారీయే అంత.

మరి చేయవలసిందేమిటి? సగం మన చేతిలో ఉంది, సగం పొరుగువాడి చేతిలో ఉంది. ముందు మన సగం చూద్దాము.

శబ్దం గాలి దూరే సందుల్లోంచే ఎక్కువగా వస్తుంది. తలుపు కింద వేలెడు సందు ఉంచుకుని కిటికీకి ఎంత మందం పరదా వేసినా లాభం తక్కువ. ముందు ఆ సందులు మూయాలి. తలుపు చట్రానికి రబ్బరు పట్టీ అంటించడం పెద్ద ఖర్చు కాదు. మంచం వీధి గోడ నుంచి లోపలి గోడకు మార్చాలి. పక్కింటితో కలిసిన గోడకు బట్టల బీరువానో పుస్తకాల అలమరానో జరపాలి. ఎండాకాలం కిటికీలు మూసి పడుకోలేము గదా అంటారా? అప్పుడు ఫ్యానే మనకు తోడు. నిద్ర చెడగొట్టేది శబ్దం కంటే శబ్దంలో వచ్చే మార్పు. ఒకే తీరున తిరిగే ఫ్యాను హోరులో, హఠాత్తుగా వచ్చే చిన్న చప్పుళ్ళు మునిగిపోతాయి. అయితే ఆ ఫ్యాను టకటకమనకూడదు. అంటే ముందు దాన్ని బాగు చేయించుకోవాలి.

చెవిలో దూది పెట్టుకుంటే ఒరిగేది తక్కువ. మందుల షాపులో మెత్తని ఫోమ్ బిరడాలు దొరుకుతాయి. చేతులు కడుక్కుని, బిరడాను వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. చెవి కారేవారు డాక్టరును అడగనిదే పెట్టుకోకూడదు. ఇంట్లో పసిబిడ్డో, మంచాన పడిన పెద్దవారో ఉంటే, ఆ రాత్రి వినే బాధ్యత మరొకరికి అప్పగించి పెట్టుకోవాలి. ఫజర్‌కు లేచేదెలా అన్న సందేహం వద్దు. ఫోనులో మోత లేకుండా వణికే అలారం ఉంది. దిండు కింద పెట్టుకుంటే చాలు.

చప్పుడుకు మెలకువ వచ్చాక మళ్ళీ నిద్ర పట్టనివ్వనిది చాలాసార్లు చప్పుడు కాదు, మన కోపం. ఎవడా లారీవాడు, ఎవడా మోటారువాడు అని లెక్క మొదలుపెడితే గంట గడుస్తుంది. గడియారం చూస్తే ఇంకో గంట. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి, చిన్న దీపం వెలుతురులో కాసేపు జిక్ర్ చేసుకుని, కళ్ళు బరువెక్కాక పడుకోవాలి. అస్ర్ తర్వాత చాయ్ మానాలి. తాగిన అయిదు గంటలకు కూడా చాయ్‌లోని కెఫీన్ దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. ఇది చెప్పడం తేలిక, స్టాఫ్ రూములో పాటించడం కష్టం. జుహర్ తర్వాత కైలూలా మంచిదే గాని, ఇరవై నిమిషాలు దాటితే రాత్రి నిద్రలోంచి కోసుకున్నట్టే. ఇక ఆ చప్పుడు ఇంట్లోవారి గురకే అయితే, గురక మధ్యలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే, అది నవ్వుకునే విషయం కాదు. వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు రెండో సగం. పక్కింటివారు రాత్రి పదకొండుకు నీళ్ళ మోటారు వేస్తే ఆ రాత్రే తలుపు కొట్టకూడదు. నిద్ర చెడినవాడి నోట మంచి మాట రాదు. మర్నాడు మగ్రిబ్ తర్వాత వెళ్ళి, "భాయీ, మోటారు తొమ్మిదిలోపల వేసుకోండి, దాని కింద రబ్బరు దిమ్మ పెడితే గోడ అదరదు" అని పని చెప్పాలి. తప్పు ఎంచితే గొడవ, పని చెబితే సగం సమస్య అక్కడే తీరుతుంది.

చట్టం కూడా ఉంది. 2000లో కేంద్రం చేసిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు పెట్టకూడదు. పండుగలకూ సాంస్కృతిక ఉత్సవాలకూ రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా, అదీ 12 గంటల దాకానే, సడలింపు ఇవ్వవచ్చు. ఇళ్ళున్న చోట రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. పది డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది, చెవికి రెట్టింపు మోతగా వినపడుతుంది. 2005 జూలైలో సుప్రీంకోర్టు కూడా ఈ నియమాలను గట్టిగా అమలు చేయమంది. ఎవరి మతానికీ ఇందులో మినహాయింపు లేదు.

సోదరులారా, అసలు మాట ఇక్కడుంది. మనమూ ఎవరికో ఒకరికి పొరుగువాళ్ళమే గదా? రాత్రి ఒంటిగంటకు మన బరాత్ వీధిలోకి వచ్చి మర్ఫా మోగిస్తే, ఆ వీధిలో పరీక్ష రాయవలసిన పిల్ల ఉండదా? ఆపరేషను చేయించుకుని పడుకున్న ముసలాయన ఉండడా? నైట్ డ్యూటీ లేని ఆ ఒక్క రాత్రి నిద్రపోదామనుకున్న నర్సమ్మ ఉండదా? వాళ్ళలో మనవాళ్ళూ ఉంటారు, పరాయివాళ్ళూ ఉంటారు. నిద్ర అందరిదీ ఒకటే. రంజాన్‌లో సహరీకి లేపడం ఒకప్పుడు సేవ. ఇప్పుడు ప్రతి దిండు పక్కనా ఫోను ఉంది. ఇంకా మైకులో గంటసేపు కేకలు అవసరమా అని ఆలోచించాలి.

హజ్రత్ మిఖ్దాద్ (రజి.) చెప్పిన సంగతి ఒకటి సహీహ్ ముస్లింలో ఉంది. ప్రవక్త (స) రాత్రిపూట వచ్చినప్పుడు, మేలుకున్నవారికి వినపడేటట్టు, నిద్రపోతున్నవారు లేవకుండా ఉండేటట్టు సలాం చేసేవారు. సలాం వంటి దువాకే అంత కొలత ఉంటే, మన బ్యాండుకు ఎంత కొలత ఉండాలి?

కనుక ఈ సభకు మూడు ప్రతిపాదనలు మనవి చేస్తున్నాము. ఒకటి, సంఘ సభ్యుల ఇళ్ళలో పెళ్ళిళ్ళకు బరాత్ వాద్యాలు పదిలోపల ఆగాలి. రెండు, సంఘం పెట్టే జల్సాల్లో మైకు వీధివైపు కాక సభవైపే తిప్పాలి, పదికి కట్టేయాలి. మూడు, సహరీ కేకలు అవసరమా కాదా అన్నది మసీదు కమిటీ పెద్దలతో కూర్చుని, రంజాన్‌కు ముందే తేల్చుకోవాలి. ముందు మన మైకు ఆపుకుంటే, తర్వాత ఎదుటివారి మైకు గురించి అడగడానికి మనకు మొహం ఉంటుంది.

కచ్చీ నిద్రవాళ్ళు సంఖ్యలో తక్కువ, సభల్లో మాట్లాడేది ఇంకా తక్కువ.