ఎత్తిన బరువు కింద నిలబడొద్దు



మామిడి కాయ కోతకొచ్చింది. మన నూజివీడు రసాలు, బంగినపల్లి కాయలు లారీలెక్కుతున్నాయి. మీలో కొందరు తోటల్లో కాయ ఏరుతారు. కొందరు గుజ్జు ఫ్యాక్టరీకి, కోల్డ్ స్టోరేజీకి పోతారు. అలాంటి చోట్ల ట్రేలు ఎత్తే బండి ఒకటి ఉంటుంది. దానికి ముందు రెండు ఇనప కొమ్ములుంటాయి. దాన్ని ఫోర్క్‌లిఫ్ట్ అంటారు.

ఆ బండి మీరు నడపరు. మరి మీకెందుకు ఈ మాటలు? దెబ్బ నడిపేవాడికే తగలదు. పక్కన పనిచేసేవాళ్ళకీ తగులుతుంది.

మన రాత్రి బడికి వచ్చే ఒక అక్క సంగతి చెబుతాను. ఆవిడ పనిచేసే చోట ట్రేలు పైకెత్తారు. కింద కాయలు రాలాయి. ఏరడానికి ఆవిడ వంగింది. ట్రేలు జారి కుడి చేతి మీద పడ్డాయి. రెండు వేళ్ళు పోయాయి. "ఎత్తిన బరువు కింద నిలబడరాదు" అని గోడ మీద రాసే ఉంది. అప్పటికి ఆవిడకు చదువు రాదు. చదివి చెప్పినవాళ్ళూ లేరు. ఇప్పుడు ఆ అక్క ఎడమ చేత్తో రాస్తోంది. ఈ పాఠం చెప్పమన్నది ఆవిడే.

ఈ బండి త్రాసు లాంటిది. ముందు మోసే బరువు. వెనక బండి బరువు. ముందు బరువు మించితే వెనక చక్రాలు లేస్తాయి. బరువు పైకెత్తి మలుపు తిప్పితే బండి పక్కకు పడుతుంది. అందుకే బరువు కిందికి దించి నడపాలి.

ఈ బండి వెనక చక్రాలతో తిరుగుతుంది. మలుపులో తోక విసురుగా పక్కకొస్తుంది. బండికీ గోడకీ మధ్య నిలబడొద్దు. కొమ్ముల మీద ఎక్కొద్దు. కొంగు నడుముకు దోపుకోండి. నడిపేవాడి కళ్ళు మీకు కనపడకపోతే, మీరూ అతనికి కనపడరు.

మీ పిల్లాడు ఆ బండి నడుపుతున్నాడా? పని నేర్చుకున్నాకే ఎక్కమనండి. బెల్టు పెట్టుకోమనండి. బండి ఒరిగితే దూకొద్దని చెప్పండి. దూకితే బండి మీద పడుతుంది. గట్టిగా పట్టుకుని సీట్లోనే కూర్చోవాలి.

దెబ్బ తగిలేంత బరువు ఎవరిచేతా మోయించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. కాబట్టి అడగడం తప్పు కాదు. ఒక్కరు అడిగితే మేస్త్రీ కసురుకుంటాడు. పదిమంది అడిగితే ఆగి వింటాడు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చిన ఆడవాళ్ళు కలిసి సారా మీద పోరాడారు. ఆ పోరాటం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు.

రేపు పనికి పోయినప్పుడు గోడ మీద ఏం రాశారో చదవండి. పక్కనున్న చదువురాని అమ్మకు గట్టిగా వినిపించండి.