ఉపవాసదినాన ఔషధం

(గోదావరిఖనిలో కార్తికమాస సాయంసభలో చేసిన ప్రసంగ పాఠం)



నేడు నన్ను కార్తికమాహాత్మ్యం చెప్పమన్నారు. అంతకు ముందు, ఈ మాసంలోనే నేను చేసిన ఒక తప్పును మీ ఎదుట చెప్పుకోవలసి ఉన్నది.

నా ధర్మపత్నికి చాలా ఏళ్లుగా థైరాయిడ్ లోపం. కంఠంలోని ఆ గ్రంథి కావలసినంత హార్మోనును తయారుచేయలేదు. అందుకని ప్రతిదినం పరగడుపున ఒక చిన్న మాత్ర వేసుకోవాలి. కొన్నేళ్ల క్రితం కార్తికంలో ఆమె, "నక్తవ్రతం పట్టాను కదండీ, ఉదయం మాత్ర వేసుకోవచ్చునా?" అని అడిగింది. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "ఒక్క నెలకు ఏమవుతుందిలే" అన్నాను. పైగా, ఎవరో ఇచ్చిన యాంటీఆక్సిడెంట్ గుళికలను రాత్రి భోజనానంతరం వేసుకొమ్మని నేనే చెప్పాను. మార్గశిరం వచ్చేసరికి ఆమె ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. మధ్యాహ్నపు టెండలో కూడా శాలువా విడిచేది కాదు. లలితాసహస్రనామం పుస్తకం చూడకుండా పారాయణ చేసే మనిషి, ఒకనాడు నడుమ ఆగిపోయి నా వంక చూసింది.

డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, నన్నే మందలించారు. "మరి ఆ గుళికలో?" అని అడిగితే కాగితం మీద బొమ్మ గీసి విషయం చెప్పారు. ఆపైన నేను చదివి గ్రహించినదీ కలిపి మీ బొగ్గు భాషలోనే మనవి చేస్తాను.

ఇక్కడ సగంమంది బాయిలో పనిచేసినవారే. బొగ్గుపొరకు గాలి తగులుతూ ఉంటే, ఎవరూ నిప్పు పెట్టకుండానే అది లోలోపల వేడెక్కి రాజుకొంటుందని మీరు నాకంటే బాగా ఎరుగుదురు. ఆ గాలి లేకపోతేనేమో లోపలి మనిషి బ్రతకడు. అందుచేత ఒకవైపు ఫ్యానుతో గాలిని నడిపిస్తారు, మరొకవైపు బొగ్గు తీసిన చోటును గోడ కట్టి మూస్తారు, ఇసుకతో నింపుతారు. దేహమూ అటువంటిదే. పీల్చిన ప్రాణవాయువుతో శక్తి పుట్టేటప్పుడే నిప్పురవ్వల వంటి తీక్ష్ణపదార్థాలూ పుడతాయి. వాటిని ఆర్పడానికి ఎంజైములు ఉన్నాయి. సూపర్‌ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము చేసే పనిని 1969లో అమెరికాలో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అది మొదటి రవ్వను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ పెరాక్సైడ్‌ను కాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనేవి నీరుగా చేసివేస్తాయి. గాయం మీద పెరాక్సైడ్ పోస్తే తెల్లని నురగ వస్తుంది చూడండి, అది కాటలేజ్ చేసే పనే.

నాకు మిక్కిలి ఆశ్చర్యం కలిగించినది వేరు. థైరాయిడ్ గ్రంథి ఆ పెరాక్సైడ్‌ను కావాలనే పుట్టించుకొంటుంది. అయోడిన్‌ను హార్మోనులో కూర్చడానికి దానికి అది అవసరం. హోమానికి అగ్ని కావాలి, యాగశాల మాత్రం కాలరాదు. అందుకే కాబోలు ఆ గ్రంథిలో సెలీనియం అనే ఖనిజం దండిగా ఉంటుంది. గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌కు బలం అదే.

హార్మోను తగ్గినవారి రక్తంలో ఈ ఎంజైముల పనిని అనేక దేశాలలో కొలిచి చూశారు. రవ్వల తాకిడికి కొవ్వుపదార్థం చెడిన గుర్తులు పెరిగినట్లు పలువురు వ్రాశారు. ఎంజైములు మాత్రం కొన్ని పరిశోధనలలో తగ్గినవి, కొన్నింటిలో పెరిగినవి. తగ్గితే ఆర్పేవారు అలసిపోయారని ఒక వ్యాఖ్యానం, పెరిగితే మంట చూసి పరుగెత్తి వచ్చారని మరొక వ్యాఖ్యానం! మా మీమాంసకుల వాదాలు జ్ఞప్తికి వచ్చి నవ్వుకొన్నాను. ఎటు తేలినా, లోపించినది హార్మోను కనుక ఇవ్వవలసినదీ హార్మోనే. గుళిక దాని స్థానంలో కూర్చోలేదు.

పరగడుపున నీటితో ఆ మాత్ర వేసుకొని, అరగంట నుంచి గంట ఆగి కాఫీ, ఫలహారం తీసుకోవాలి. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. చక్కెరవ్యాధి ఉన్నవారి సంగతి వేరు. వారు ఉపవాసానికి ముందు డాక్టరును అడగాలి గాని నావంటి వాణ్ణి కాదు.

ఇక ధర్మశాస్త్రం. వ్రతాన్ని చెరపనివి ఎనిమిదని పెద్దలు లెక్కించారు: నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం. ఆ శ్లోకాన్ని ఏళ్ల తరబడి విద్యార్థుల చేత వల్లె వేయించాను. ఇంట్లో అడిగిననాడు అది నా నోటికి రాలేదు.

ఇప్పుడు తెల్లవారగానే మాత్ర, మంచినీళ్ల గ్లాసు నేనే అందిస్తున్నాను. మొన్న ఏకాదశినాడు జపంలో పడి మరచిపోయాను. వంటింట్లోంచి పిలుపు వచ్చింది: "ఏమండీ, ఆ ఎనిమిదవది ఏది?"