పొడికన్నులకు చుక్కలమందు: ఎన్నుకొను విధము



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము చూచుటకు స్వల్పము. కన్నులు పొడిబాఱి బాధించునపుడు వేసికొనవలసిన చుక్కలమందును ఎట్లు ఎన్నుకొనవలయునన్నదే ఆ విషయము. ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న పంతులకు మందులమాట యేల యని మీరడుగవచ్చును. నేను వైద్యుడను గాను. అయితే ఆఱేండ్లుగా ఈ బాధను అనుభవించుచు, నేత్రవైద్యులు చెప్పినది శ్రద్ధతో విని, మందుపెట్టెలపై నుండు సన్నని యక్షరములను భూతద్దముతో చదివి తెలిసికొన్నవాడను. మాటల కర్థము చెప్పుట నా వృత్తి. మందుసీసాపై నున్న మాటల కర్థము తెలియక మన గ్రామములలో ఎందఱో తమ కన్నులను చేజేతుల చెఱుపుకొనుచున్నారు. కావున ఈ నాలుగు మాటలు చెప్పుట నాకు విధియని తోచినది.

సారాంశమును మొదటనే చెప్పెదను. మన పెద్దలు ప్రియమును వేఱుగను, హితమును వేఱుగను చూచిరి. కంటిమందు విషయమున ఈ భేదము మిక్కిలి ముఖ్యము. వేసిన నిమిషమునకే ఎఱుపు పోగొట్టి, కంటిని తెల్లగా మెఱపించు మందు ప్రియమైనది. పొడికంటి కది తఱచుగా హితమైనది కాదు. హితమైన మందు కన్నీటిని బోలియుండును. దినదినము ఓపికతో వేసికొనినగాని దాని గుణము పూర్తిగా తెలియదు.

కన్నీరన్నది దుఃఖము కలిగినపుడు కాఱునది మాత్రమే కాదు. ప్రతి రెప్పపాటునకును కంటిపై పలుచని తడిపొర యొకటి పఱచుకొనుచుండును. అందు కంటినంటి జిగురుపదార్థ ముండును. దానితో కలిసి నీరుండును. అన్నిటికిని పైన నూనెవంటి సన్నని పొర యుండును. ఈ నూనె కనురెప్పల అంచులలోని చిన్న గ్రంథులనుండి ఊఱును. వేసవిలో నీటికుండపై మూత లేనిచో ఏమగునో మీరెఱుగుదురు. నూనెపొర చెడినచో కంటినీరును అట్లే ఆవిరియై పోవును. కావున పొడికన్ను రెండు తెఱగులు. నీరు చాలినంత ఊఱకపోవుట యొకటి. ఊఱిన నీరు నిలువకపోవుట రెండవది. రెండును కలిసియుండుటయు కలదు.

దీని లక్షణములు చెప్పెదను. కంటిలో ఇసుక పడినట్లు మెఱమెఱలాడును. మంట పుట్టును. సాయంకాలమునకు రెప్పలు బరువెక్కును. చదువుచుండగా అక్షరములు మసకబాఱి, రెండు మూడుసార్లు రెప్పవేసినచో తేటపడి, మరల మసకబాఱును. అద్దములు చెడినవని తలచి కొందఱు అద్దములపై అద్దములు మార్చుచుందురు. వింతయేమనగా, పొడికన్ను గలవారికి కన్నీరు కాఱుటయు కలదు. కంటి ఒరపిడికి నొచ్చి గ్రంథి ఒక్కసారిగా నీరు విడుచును; ఆ నీరు చెంపలపై జాఱిపోవునేగాని కంటిపై నిలువదు. “నా కంట నీరు కాఱుచుండగా పొడి యెక్కడిది?” అని వైద్యునితో వాదింపకుడు.

వయస్సు మీఱిన వారికిని, ముట్లుడిగిన స్త్రీలకును ఈ బాధ అధికము. మధుమేహము, జలుబునకు దురదకు వాడు కొన్ని మాత్రలు, మనోవ్యాధులకిచ్చు కొన్ని మందులు కూడ కారణములగును. శుక్లమునకు శస్త్రచికిత్స జరిగిన పిదప కొంతకాలము ఇది కనబడుట కలదు. పొయ్యిపొగ, చుట్టపొగ, ముఖమునకు సూటిగా వీచు పంకాగాలి దీనిని పెంచును. సాధారణముగా మనము నిమిషమునకు పదునైదుసార్లు రెప్పవేయుదుము. గ్రంథము చదువునపుడును, చేతిలోని ఫోనును చూచునపుడును ఆ లెక్క సగమునకు లోబడి పోవుటయు కలదు.

ఇక మందులకొట్టులో మీకు దొరకు చుక్కలను మూడు తరగతులుగ విభజించెదను. మొదటి రెంటిని విడువుడు; మూడవదానిని గ్రహింపుడు.

మొదటి తరగతి ఎఱుపును పోగొట్టునది. ఇది కంటి తెల్లగ్రుడ్డులోని రక్తనాళములను ముడుచుకొనజేయును. అందుచే కన్ను తెల్లబడును. పొడి మాత్రము పోదు. మందుబలము తీరగానే నాళములు మునుపటికంటె ఎక్కువగ ఉబ్బి, ఎఱుపు తిరిగివచ్చును. మరల చుక్క, మరల ఎఱుపు. ఈ మందుల పేర్లు తఱచుగా “జోలిన్” అని ముగియును: నాఫజోలిన్, టెట్రాహైడ్రోజోలిన్ మున్నగునవి.

రెండవ తరగతి స్టిరాయిడు కలిసినది. ఇది నిజముగా బలమైన మందు. వైద్యుడు చూచి, కొద్దిదినములకు లెక్కకట్టి యిచ్చినచో మేలుచేయును. పాత సీసాను చూపి కొని, నెలల తరబడి సొంతముగ వేసికొనినచో కొందఱికి కంటిలోని ఒత్తిడి పెరిగి నరము దెబ్బతినును. దానినే నీటికాసులందురు. శుక్లము కూడ ముందుగ ముదురును. శుక్లమునకు శస్త్రచికిత్స గలదు. నీటికాసులవలన పోయిన చూపు తిరిగిరాదు. మా గ్రామమున ఒక రైతు కన్నులు మండుచున్నవని యిట్టి చుక్కలను రెండేండ్లు వాడెను. వేసినప్పుడెల్ల చల్లగా నుండెనట. ప్రక్కనుండి వచ్చు బండి కనబడకపోవుటచే పెద్దాసుపత్రికి పోయెను. నొప్పి లేకుండగనే చూపు అంచులనుండి హరించుకొనిపోయినదని వైద్యులు చెప్పిరి. నేడాయన మనుమని చేయి పట్టుకొని పొలము గట్టుపై నడచుచున్నాడు. ఈ మందుల పేర్లలో పెక్కింటికి చివర “సోన్” అనియో “లోన్” అనియో ఉండును: డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్. అన్నిటికిని ఈ గుర్తు చెల్లదు గాన, అనుమానము కలిగిన చోట “ఇందు స్టిరాయిడు కలదా?” అని నోరు విప్పి యడుగుడు.

మూడవ తరగతి కృత్రిమ కన్నీరు. మనకు వలసినది ఇదియే. పెట్టెపై వ్యాపారనామము పెద్దయక్షరములతో నుండును. దాని క్రింద చిన్నయక్షరములతో మందు నిజనామ ముండును. ఆ చిన్నపేరును మీ మనుమనిచేత చదివించుకొనుడు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, హైప్రోమెలోస్, సోడియం హయలురోనేట్, ప్రొపిలిన్ గ్లైకాల్: ఈ నాలుగింటిలో ఏదేని యున్న అది తడినిచ్చు మందని మొదట గ్రహింపవచ్చును. కాని వీనితోపాటు మఱేదైన మందు కలిసినదేమో కూడ చూడవలయును. వీనిలో ఒకటి తక్కినవానికంటె అందఱికిని మేలైనదని పరీక్షలలో స్పష్టముగ తేలలేదు. కావున ఖరీదైనదే గొప్పదని భ్రమపడవలదు. ఒకదానిని నెలదినములు క్రమముగ వాడి చూడుడు. గుణము లేనిచో వైద్యునడిగి వేఱొకటి వాడుడు. పలుచని చుక్క పగటికి తగినది. సెల్యులోజ్ మందు నూటికి అరవంతుది పలుచన, ఒక వంతుది చిక్కన. చిక్కని జెల్ హెచ్చుకాలము నిలుచును గాని, చూపును కొంతసేపు మసకపఱచును. కంటిలేపనము మఱింత మసకపఱచును గాన నిద్రకు ముందే పెట్టుకొనవలయును. నూనెపొర చెడినవారికి నూనె కలిసిన చుక్కలును కలవు.

ఇక నిలువద్రవ్యముమాట. ఊరగాయకు ఉప్పు ఎట్టిదో, సీసామందునకు నిలువద్రవ్య మట్టిది. సూక్ష్మజీవులు చేరకుండ దానిని కలుపుదురు. బెంజాల్కోనియం క్లోరైడు అట్టి వానిలో చిరకాలముగ వాడుకలో నున్నది. దినమునకు రెండు మూడు చుక్కలు వేసికొనువారికి సాధారణముగ దానివలన బాధ లేదు. నాలుగుసార్లకు మించి వేసికొనవలసిన వారికిని, నీటికాసులకు నిత్యము వేఱు చుక్కలు వాడువారికిని ఆ ద్రవ్యమే కంటిపొరను ఒఱయును. అట్టివారు నిలువద్రవ్యము లేని మందును కోరవలయును. అది ఒక్కొక్కసారికి సరిపడు చిన్నగొట్టములలోనో, గాలి చొరనీయని ప్రత్యేకపు సీసాలలోనో దొరకును. వెల కొంత హెచ్చే. అయినను అవసరమున్నవారికి అది వ్యర్థవ్యయము కాదు.

నిలువద్రవ్యము లేనిదియైనంత మాత్రమున నిరపాయమని తలపరాదు. 2023వ సంవత్సరమున అమెరికాలో, మన చెన్నై సమీపపు కర్మాగారమున తయారైన కృత్రిమ కన్నీటి చుక్కలకును, మందులకు లొంగని యొక సూక్ష్మజీవివలన వ్యాపించిన వ్యాధికిని సంబంధము కనుగొనబడినది. పదునెనిమిది రాష్ట్రములలో 81 మందికి ఆ వ్యాధి సోకెను. పదునలుగురు చూపు కోల్పోయిరి, నలుగురికి కనుగ్రుడ్డునే తీసివేయవలసివచ్చెను, నలుగురు మరణించిరి. పలుమాఱు వాడు సీసాలో తగిన నిలువద్రవ్యము లేకపోవుట అచ్చటి అధికారులు చూపిన లోపములలో ఒకటి. చిన్నగొట్టము ఒక్కసారి వాడి పాఱవేయవలసినదే. మిగిలినది రేపటికి దాచరాదు. సీసా విప్పిన తేదిని దానిపైననే వ్రాసి, సాధారణముగ నెల కాగానే పాఱవేయుడు. ఇల్లంతటికిని ఒకే సీసా పనికిరాదు. చనుబాలు, తేనె, ఆకుపసరులు కంట పోయరాదు. వానితో పోయిన సూక్ష్మజీవి నల్లగ్రుడ్డుపై పుండు పుట్టింపగలదు.

వేయు పద్ధతి యిది. చేతులు సబ్బుతో కడుగుకొనుడు. తల వెనుకకు వాల్చి, క్రిందిరెప్పను మెల్లగ లాగి, ఆ సందున ఒక్క చుక్క విడువుడు. రెండవది వేసినను పొంగిపోవుటే. సీసామొన రెప్పకుగాని వ్రేలికిగాని తగులరాదు. పిదప కన్ను మూసికొని, ముక్కువైపు కొనను వ్రేలితో ఒక నిమిషము అదుముడు. మఱియొక మందు వేయవలసియున్నచో అయిదు నిమిషములు ఆగుడు. లేపనము అన్నిటికిని కడపట. ఉదయమున గోరువెచ్చని నీట తడిపిన శుభ్రమైన గుడ్డను, చల్లారినప్పుడెల్ల మరల తడుపుచు, మూసిన రెప్పలపై పది నిమిషము లుంచినచో గడ్డకట్టిన నూనె కరుగును. ఇది నా నిత్యకృత్యము, స్నానసంధ్యలతోపాటు సాగిపోవుచున్నది.

కొన్నిటికి చుక్కలు చాలవు. తీవ్రమైన నొప్పి, వెలుతురు చూడలేకపోవుట, చూపు తగ్గుట, చిక్కని పుసి, కంటికి వరిపొట్టు తగులుట, ఇట్టివి కలిగినచో నాడే నేత్రవైద్యుని చూడవలయును. కన్నులతోపాటు నోరెండి, కీళ్లు నొచ్చుచున్నచో అదియు చెప్పుడు. స్వీడను దేశపు నేత్రవైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో విపులముగ వర్ణించిన వ్యాధి యిట్టిది. అది కంటితో ముగియునది కాదు.

మన సుశ్రుతసంహితలోను శుష్కాక్షిపాకమను నేత్రరోగము చెప్పబడియున్నది. బాధ పురాతనమే, మందుపెట్టెలు మాత్రము క్రొత్తవి. ఈ రాత్రి మీ యింటనున్న చుక్కలసీసాను దీపము కడకు తెచ్చి, చిన్నయక్షరముల పేరును, గడువుతేదిని చదివించుకొనుడు. “జోలిన్” గాని, “సోన్” గాని, “లోన్” గాని అందు కనబడినచో, దానిని తీసికొని వైద్యునొద్దకు పొండు. స్టిరాయిడు చుక్కలను వైద్యుడే వ్రాసియిచ్చి యుండిన, ఆయన నడుగక మానవలదు.

సెలవు.